రెండు పవర్ యాంప్‌ల మధ్య తేడా నిజంగా వినిపిస్తోందా? ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా

మీ దగ్గర రెండు పవర్ యాంప్‌లు ఉన్నాయనుకుందాం. రెండూ ట్రాన్సిస్టర్ యాంప్‌లే, రెండూ 8 ఓమ్‌ల స్పీకర్‌కి 100 వాట్ల దాకా ఇచ్చేవే, స్పెసిఫికేషన్ కాగితాలు పక్కపక్కన పెడితే ఏది దేనిదో గుర్తుపట్టడం కూడా కష్టం. అందులో ఒకటే ఉంచుకోవాలి. ఇక అందరూ చేసేదే మీరూ చేస్తారు: మొదటిది తగిలించి నాలుగు పాటలు వింటారు, ఆపేసి వైర్లు మార్చి రెండోది తగిలించి మళ్లీ అవే పాటలు వింటారు, "దీంట్లో బేస్ గట్టిగా ఉంది, గొంతు కాస్త ముందుకొచ్చింది" అని తీర్పు చెప్పేస్తారు. చాలాసార్లు ఆ తీర్పు చెప్పించేది యాంప్ కాదు, వాల్యూమ్.

యాంప్‌లన్నీ ఒకేలా వినిపిస్తాయని నేను అనడం లేదు. కొన్ని వేరుగా వినిపిస్తాయి, దానికి కారణాలూ ఉంటాయి, అవేంటో కింద చెప్తాను. కానీ లెవెల్ కలపకుండా, పేరు దాచకుండా విన్న తేడా ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు, విన్న మీరు కూడా. కాబట్టి ఒక సాయంత్రం ఖాళీ చేసుకుని, సాయానికి ఒక మనిషిని పిలుచుకుని, ఓ మల్టీమీటర్ పక్కన పెట్టుకుని కూర్చోండి.

ముందు గెయిన్ సంగతి

పవర్ యాంప్ చేసే పని ఒకటే: లోపలికి వచ్చిన వోల్టేజీని ఇన్ని రెట్లు అని పెంచి, స్పీకర్ అడిగినంత కరెంట్ ఇవ్వడం. ఆ "ఇన్ని రెట్లు" ఒక్కో యాంప్‌లో ఒక్కోలా ఉంటుంది. 26 డెసిబెల్ గెయిన్ ఉన్న యాంప్ 20 రెట్లు పెంచుతుంది, 29 డెసిబెల్ ఉన్నది సుమారు 28 రెట్లు, 32 డెసిబెల్ ఉన్నది 40 రెట్లు. ప్రీయాంప్ (పవర్ యాంప్‌కి ముందుండి వాల్యూమ్ మార్చే పెట్టె) నాబ్ ఒకే చోట ఉంచి 26 తీసేసి 29 తగిలించారంటే, ఏమీ తెలియకుండానే స్పీకర్‌కి రెట్టింపు పవర్ పంపిస్తున్నట్టు. గెయిన్‌కీ యాంప్ ఎన్ని వాట్లు ఇవ్వగలదన్నదానికీ సంబంధం లేదు, ఎక్కువ గెయిన్ ఉన్నది ఎక్కువ శక్తిమంతమైనది అనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు.

మూడు డెసిబెళ్ల తేడా వస్తే ఎవరైనా "ఇది ఎక్కువ సౌండ్ వస్తోంది" అని పట్టేస్తారు, తగ్గించుకుంటారు, గొడవ లేదు. అసలు చిక్కు 0.3, 0.5 డెసిబెళ్ల తేడాతో. అంత చిన్న తేడాని చెవి "సౌండ్ పెరిగింది" అని చెప్పదు. స్పష్టత పెరిగింది, వాయిద్యాల మధ్య ఖాళీ పెరిగింది, బేస్ నిండుగా వచ్చింది అని చెప్తుంది. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు బెల్ ల్యాబ్స్‌లో చేసిన పని దగ్గర్నుంచీ తెలిసిన విషయమే ఇది: ధ్వని మట్టం మారితే ఒక్కో ఫ్రీక్వెన్సీ మన చెవికి ఒక్కో పాళ్లలో మారుతుంది, ముఖ్యంగా కింది స్వరాలు. కాస్త గట్టిగా మోగిన యాంప్‌లో బేస్ ఎక్కువున్నట్టు అనిపించడం మీ చెవిలో లోపమేమీ కాదు, అందరి చెవీ అంతే.

అందుకే రెండు యాంప్‌ల లెవెల్ 0.1 డెసిబెల్ లోపల కలవాలి. వోల్టేజీలో అది ఒక శాతానికి కాస్త ఎక్కువ. చెవితో "ఆ, రెండూ ఒకేలా ఉన్నాయిలే" అని సర్దడం ఇక్కడ పనికిరాదు, ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ పెట్టడం కూడా అంతే. తల ఒక బెత్తెడు జరిగితేనే అంతకంటే ఎక్కువ మారుతుంది రీడింగ్. కొలవాల్సింది గాల్లో శబ్దాన్ని కాదు, స్పీకర్ టెర్మినళ్ల దగ్గర వోల్టేజీని.

మీటర్ పట్టుకుని లెవెల్ కలపడం

మొదట మీ మల్టీమీటర్‌లో ఏసీ వోల్టేజీ రేంజ్‌లు చూడండి. చౌకగా దొరికే కొన్నింటిలో ఏసీకి అన్నిటికంటే చిన్న రేంజే 200 వోల్టులు ఉంటుంది, అది 0.1 వోల్ట్ కంటే చిన్న తేడా చూపించదు, ఈ పనికి అది దండగ. 2 వోల్టుల రేంజ్ ఉన్నది, లేదా రేంజ్ తనే మార్చుకుని మూడు దశాంశాలు చూపించేది కావాలి. మీటర్ చూపించే అంకె అసలు విలువకి కాస్త అటూ ఇటూ ఉన్నా ఫర్వాలేదు, ఎందుకంటే అదే మీటర్‌తో, అదే రేంజ్‌లో, అదే టోన్‌తో రెండు యాంప్‌లనూ కొలుస్తున్నాం, తప్పు రెండువైపులా సమానంగానే పడుతుంది.

తర్వాత సైన్ టోన్ ఫైల్ ఒకటి తయారు చేసుకోండి. ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నిమిషం పని. 1000 హెర్ట్జ్‌తో మొదలుపెట్టండి. పాటతో మాత్రం కొలవకండి, అంకె ఆగకుండా ఎగిరిపడుతూనే ఉంటుంది.

యాంప్ ఆపేసి ఉన్నప్పుడే మీటర్ వైర్లని ఎడమ స్పీకర్ టెర్మినళ్లకి క్లిప్పులతో పట్టించండి. యాంప్ నడుస్తుండగా చేత్తో రెండు ప్రోబ్‌లు పట్టుకుని పొడిచి చూడటం వద్దు, అవి జారి ఒకదాన్నొకటి తాకినా, రెండు టెర్మినళ్ల మధ్య పడినా యాంప్ అవుట్‌పుట్ షార్ట్ అవుతుంది, కొన్ని యాంప్‌లు దాన్ని తట్టుకుంటాయి, కొన్ని అక్కడికక్కడే చచ్చిపోతాయి. స్పీకర్ తగిలించే ఉంచండి. వాల్యూమ్ పూర్తిగా తగ్గించి, టోన్ పెట్టి, మెల్లగా పెంచుతూ మీటర్ మీద 1.000 వోల్ట్ దగ్గర ఆపండి. 8 ఓమ్‌ల మీద అది వాట్‌లో ఎనిమిదో వంతు మాత్రమే, వినడానికి చిరాగ్గా ఉంటుంది గానీ స్పీకర్‌కి ఏమీ కాదు. 1 వోల్ట్ ఎందుకంటే లెక్క సుఖం: రెండో యాంప్ రీడింగ్ 0.99కీ 1.01కీ మధ్య పడితే మీరు 0.1 డెసిబెల్ లోపల ఉన్నట్టే.

క్లాస్ డి యాంప్ (ట్రాన్సిస్టర్లని సెకనుకి లక్షలసార్లు ఆన్, ఆఫ్ చేస్తూ నడిచేది) అయితే ఒక మెలిక ఉంది. టోన్ ఆపేసి మీటర్ ఏం చూపిస్తోందో చూడండి. వీటి అవుట్‌పుట్‌లో కొన్ని వందల కిలోహెర్ట్జ్‌ల దగ్గర స్విచింగ్ శేషం కొంత మిగిలి ఉంటుంది, అది చెవికి వినిపించదు, కానీ కొన్ని ట్రూ ఆర్‌ఎంఎస్ మీటర్లు (ఏ ఆకారపు తరంగాన్నైనా సరిగా కొలిచేవి) దాన్నీ కలిపి లెక్కేస్తాయి. పాట లేనప్పుడే మీటర్ 0.3 వోల్ట్ చూపిస్తోందంటే, అసలు సిగ్నల్ 1 వోల్ట్ ఉన్నప్పుడు అది 1.04 దాకా చూపిస్తుంది, అంటే దాదాపు 0.4 డెసిబెల్ తప్పు. మీరు ఎంతో జాగ్రత్తగా లెవెల్ కలిపాననుకుంటూ క్లాస్ డి యాంప్‌ని తక్కువ సౌండ్‌లో వింటూ ఉంటారు. అలాంటప్పుడు కిలోహెర్ట్జ్ స్థాయికి మించి పట్టించుకోని మామూలు మీటరే మేలు, ఖరీదైన మీటర్ ఉన్నవాళ్లకే ఈ తిప్పలు.

ఇక తేడా వచ్చినప్పుడు సర్దడం. ఎక్కువ గెయిన్ ఉన్నదాన్నే తగ్గించాలి. యాంప్ మీదే లెవెల్ నాబ్ ఉంటే అది తిప్పి, సరిగ్గా కుదిరాక కదలకుండా టేప్ వేసేయండి. లేకపోతే అన్నిటికంటే హాయిగా ఉండే దారి నాలుగు అవుట్‌పుట్‌లున్న ఆడియో ఇంటర్‌ఫేస్: 1, 2 మొదటి యాంప్‌కి, 3, 4 రెండోదానికి ఇచ్చి, కంప్యూటర్‌లో ఒక్కో జతకీ 0.1 డెసిబెల్ చొప్పున తగ్గించుకోవచ్చు. ప్రీయాంప్ వాల్యూమ్‌నే మార్చి మార్చి వాడదామనుకుంటే దాని మెట్టు ఎంతో చూడండి, అర డెసిబెల్ మెట్లున్న వాల్యూమ్‌తో 0.25 దాకా తప్పు మిగిలిపోవచ్చు, అది మనకి సరిపోదు. డిజిటల్‌లో రెండు మూడు డెసిబెళ్లు తగ్గిస్తే సౌండ్ పాడవుతుందేమోనని టెన్షన్ పెట్టుకోకండి, 24 బిట్‌లలో ఆ నష్టం యాంప్ సొంత నాయిజ్‌కి ఎంతో కింద ఉంటుంది.

ఎడమ ఛానెల్ అయ్యాక కుడిది కూడా కొలవాలి. ఇది చాలామంది వదిలేస్తారు. ఒక యాంప్‌లో కుడివైపు 0.3 డెసిబెల్ ఎక్కువుంటే గొంతు మధ్యలోంచి కాస్త పక్కకి జరుగుతుంది, దానికి మనం "ఈ యాంప్‌కి స్టేజ్ వెడల్పు ఎక్కువ" అని పేరు పెట్టేస్తాం.

చివరగా 100 హెర్ట్జ్, 10,000 హెర్ట్జ్ దగ్గర కూడా రీడింగ్ తీసుకోండి. 10,000 హెర్ట్జ్ టోన్ కొన్ని సెకన్లే పెట్టండి, ట్వీటర్‌కీ చెవికీ మంచిది. రెండు యాంప్‌ల అంకెలు మూడు చోట్లా కలిశాయంటే ముందుకెళ్లొచ్చు. 1000 దగ్గర కలిసి, 10,000 దగ్గర అర డెసిబెల్‌కి మించి విడిపోయాయంటే మీ జవాబులో సగం అప్పుడే దొరికినట్టు, దాని సంగతి కిందికి వచ్చాక.

వైరింగ్

రెండు యాంప్‌లూ ఒకేసారి ఆన్‌లో ఉండాలి, ఓ అరగంట ముందే ఆన్ చేసి బయాస్ (సిగ్నల్ లేనప్పుడు కూడా ట్రాన్సిస్టర్లలో పారే కరెంట్) కుదురుకోనివ్వండి. ఒకే సోర్స్ నుంచి వై కేబుల్‌తో రెండింటికీ ఇస్తుంటే, రెండూ తగిలించి ఉన్నప్పుడే లెవెల్ కొలవండి, ఎందుకంటే రెండు ఇన్‌పుట్‌లు కలిసి ప్రీయాంప్ మీద వేసే బరువు వేరు, ముఖ్యంగా ట్యూబ్ ప్రీయాంప్‌లకి అది తెలిసేంతగా ఉండొచ్చు. రెండు యాంప్‌లూ ఒకే ప్లగ్ బోర్డు నుంచి నడపండి. అప్పటికీ ఇంతకుముందు లేని హమ్ వచ్చిందంటే అది గ్రౌండ్ లూప్ (పరికరాల ఎర్త్, కేబుళ్ల తీగలు కలిసి ఏర్పడే చుట్టు), ఏ యాంప్ తప్పూ కాదు. దాన్ని వదిలించుకోవడానికి ఎర్త్ పిన్ విరగ్గొట్టే ఉపాయం ఎవరు చెప్పినా వినకండి, ప్రాణం మీదకి వస్తుంది.

స్పీకర్ కేబుళ్లు రెండు యాంప్‌లకీ ఒకటే లావు, ఒకటే పొడవు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ మూడు మీటర్లు వేస్తే, పోనూ రానూ కలిపి దాని రెసిస్టెన్స్ 0.07 ఓమ్ వస్తుంది. డ్యాంపింగ్ ఫ్యాక్టర్ అంటే స్పీకర్ ఇంపెడెన్స్‌ని (ఏసీ కరెంట్‌కి అది అడ్డుపడే పాళ్లు) యాంప్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్‌తో భాగిస్తే వచ్చే అంకె. 8 ఓమ్‌ల స్పీకర్‌కి అది 100 ఉన్న యాంప్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ 0.08 ఓమ్. అంటే ఆ యాంప్‌కీ డ్యాంపింగ్ ఫ్యాక్టర్ 1000 అని గొప్పగా రాసుకున్న యాంప్‌కీ మధ్య తేడాని ఒక మామూలు కేబులే మింగేస్తుంది.

పోలారిటీ కూడా చూసుకోవాలి, కొన్ని యాంప్‌లు సిగ్నల్‌ని తలకిందులు చేస్తాయి. సులువైన పద్ధతి: మొదటి యాంప్ ఎడమ ఛానెల్‌ని ఎడమ స్పీకర్‌కి, రెండో యాంప్ కుడి ఛానెల్‌ని కుడి స్పీకర్‌కి తగిలించి మోనో గొంతు ఒకటి పెట్టండి. గొంతు సరిగ్గా మధ్యలో నిలబడితే రెండూ ఒకే పోలారిటీ. ఎక్కడినుంచి వస్తోందో తెలియకుండా గదంతా పరుచుకుపోయి, బేస్ పలచబడిపోతే ఒకటి తిరగబడి ఉన్నట్టు, ఆ యాంప్‌కి రెండు స్పీకర్ల ప్లస్, మైనస్‌లూ మార్చేయండి.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఒక జత స్పీకర్ల మీదకి రెండు యాంప్‌లనీ ఎలా మార్చాలి. చేత్తో వైర్లు విప్పి బిగించడానికి నిమిషం పైనే పడుతుంది, శబ్దంలోని చిన్న వివరాలు మనకి గుర్తుండేది కొన్ని సెకన్లే, కాబట్టి ఈ పద్ధతిలో పెద్ద తేడాలు మాత్రమే దొరుకుతాయి. వేరే దారి లేకపోతే అదే చేయండి, కానీ ప్రతిసారీ యాంప్ ఆపాకే వైర్ ముట్టుకోండి.

స్విచ్ బాక్స్ అయితే క్షణంలో మారుతుంది. ఇక్కడ మాత్రం నేను చాదస్తంగా ఉంటాను. ఒక యాంప్ నుంచి నాలుగు జతల స్పీకర్లకి పంచే సెలెక్టర్ బాక్స్‌ని తిరగేసి వాడొద్దు, పొరపాటున రెండు బటన్లు ఒకేసారి నొక్కితే ఒక యాంప్ అవుట్‌పుట్ ఇంకో యాంప్ అవుట్‌పుట్‌లోకి పోతుంది, రెండూ పోవచ్చు. రెండు యాంప్‌లు, ఒక జత స్పీకర్ల కోసమే చేసినది కావాలి. అది ప్లస్‌తో పాటు మైనస్ తీగని కూడా తెంపాలి, అంటే స్టీరియోకి నాలుగు పోల్‌ల (ఒకేసారి నాలుగు తీగల్ని మార్చే) రిలే గానీ స్విచ్ గానీ ఉండాలి, పాత కనెక్షన్ పూర్తిగా ఊడాకే కొత్తది తగలాలి. మైనస్‌లన్నీ కలిపి ఒకటే చేసిన బాక్స్ ఎందుకు ప్రమాదమంటే, బ్రిడ్జ్ పద్ధతిలో పనిచేసే యాంప్‌లలో, క్లాస్ డిలో ఇవి చాలా ఎక్కువ, మైనస్ టెర్మినల్ గ్రౌండ్ కాదు, దాంట్లోనూ సిగ్నల్ ఉంటుంది. స్పీకర్ లేకుండా ఖాళీగా ఉన్నా ట్రాన్సిస్టర్ యాంప్‌కి సాధారణంగా ఏం కాదు. ట్యూబ్ యాంప్‌ని మాత్రం లోడ్ లేకుండా సిగ్నల్‌తో వదిలేయకూడదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు, దానికి తగిన వాట్ల రెసిస్టర్ ఒకటి పెట్టి ఉంచాలి.

పేర్లు దాచడం

యాంప్‌లని కర్టెన్ వెనకో, వేరే గదిలోనో పెట్టి, మీ సహాయకుడి చేతికి స్విచ్ ఇవ్వండి. ఇక్కడ ఒక పాత కథ గుర్తుచేసుకోవాలి. 20వ శతాబ్దం మొదట్లో జర్మనీలో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని పేరు మోగిపోయింది, ప్రశ్న అడిగితే జవాబు ఎంతైతే అన్నిసార్లు డెక్కతో నేలని తట్టేది. 1907లో ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరీక్షించి చూస్తే తేలిందేంటంటే, అడిగే మనిషికే జవాబు తెలియనప్పుడు గుర్రానికీ తెలియలేదు. సరైన అంకె రాగానే అడిగినవాళ్ల ఒంట్లో తమకే తెలియని ఒక చిన్న కదలిక వచ్చేది, అది చూసి తట్టడం ఆపేసేది. మీ సహాయకుడు ఎదురుగా నిలబడి ఉంటే మీరూ ఆ గుర్రమే. అతను మీకు కనబడకూడదు, మాట్లాడకూడదు, మీరు జవాబు రాసుకునేదాకా గదిలోకి రాకూడదు.

ఆట పద్ధతి ఇది. మొదట ఏది ఏ యాంప్ అని చెప్పించుకునే, కావలసినంత సేపు అటూ ఇటూ మార్పించుకుని వినండి, తేడా ఎక్కడుందో వెతుక్కోండి. దొరికిందనిపించాక పరీక్ష మొదలుపెట్టండి. సహాయకుడు ముందే నాణెం ఎగరేసి, బొమ్మ పడితే మొదటిది, బొరుసు పడితే రెండోది అని వరసగా 16 సార్లకి జాబితా రాసి పెట్టుకోవాలి, తోచినట్టు మార్చకూడదు, "వరసగా మూడుసార్లు ఒకటే వచ్చింది, ఇప్పుడు మారుద్దాం" అని మనిషి బుర్ర సర్దేస్తుంది. ప్రతి రౌండ్‌లోనూ తెలిసిన మొదటిది, తెలిసిన రెండోది, తెలియని ఎక్స్, ఈ మూడూ మీరు అడిగినన్నిసార్లు వినిపించాలి. ఎక్స్ రెండింటిలో ఏదో మీరు కాగితం మీద రాస్తారు. ఇదే ఏబీఎక్స్ పరీక్ష. ఒకటే యాంప్ కొనసాగాల్సి వచ్చినా సహాయకుడు స్విచ్ తిప్పి మళ్లీ వెనక్కి తెచ్చినట్టు అంతే సేపు, అంతే చప్పుడు చేయాలి.

ఎందుకంటే జవాబు పాటలోంచే రావాలి, పక్కదారిలో కాదు. ఒక యాంప్ రిలే "టక్" అంటుంది, ఇంకోదానికి పాట ఆగినప్పుడు ట్వీటర్‌లో సన్నటి హిస్ ఉంటుంది, ఒకదానికి ఫ్యాన్ ఉంటుంది. ఇలాంటిది ఒక్కటి దొరికినా 16కి 16 కొట్టేయొచ్చు, సౌండ్ గురించి తెలిసేది మాత్రం ఏమీ ఉండదు. హిస్ నిజమైన తేడానే, దాన్ని విడిగా రాసుకోండి, ఈ లెక్కలో కలపకండి.

ఏం పెట్టి వినాలి

అయిదు నుంచి పది సెకన్ల ముక్క, మళ్లీ మళ్లీ తిరిగేలా. పాట మొత్తం పెట్టుకుని లీనమైపోతే సంగీతం వింటారు గానీ యాంప్ వినరు. టోన్ తేడాలు పట్టడానికి పింక్ నాయిజ్‌ని మించింది లేదు, చప్పగా జల్లు కురిసినట్టుంటుంది, అయినా ఎక్కడో అర డెసిబెల్ ఎత్తుపల్లం ఉంటే సంగీతంలో దొరకనిది దాంట్లో దొరుకుతుంది. దాని తర్వాత ఒక్క గొంతు, ఒక్క పియానో, చప్పట్లు. పియానో స్వరం ఆరిపోతున్న తోకని తక్కువ వాల్యూమ్‌లో ఓసారి ప్రత్యేకంగా వినండి, క్లాస్ ఏబీ యాంప్‌లో (ట్రాన్సిస్టర్ల జత తరంగాన్ని చెరో సగం పంచుకునే రకం) బయాస్ సరిగా లేకపోతే క్రాసోవర్ డిస్టార్షన్, అంటే తరంగం సున్నా దాటే చోట వచ్చే వికృతి, బయటపడేది అక్కడే.

మామూలుగా మీరు వినే వాల్యూమ్‌లోనే వినండి. గట్టిగా పెట్టి వినే అలవాటుంటే అది ఇంకో పరీక్షగా పెట్టుకోండి, దాంట్లో తేలేది వేరే విషయం: ఏది ముందు క్లిప్ అవుతుంది, అంటే ఇవ్వగలిగినంత ఇచ్చేసి తరంగం శిఖరాలని కోసేస్తుంది అని. సగటున 1 వాట్ మీద నడుస్తున్న పాటలో 20 డెసిబెళ్ల ఎత్తు దెబ్బ ఒకటి వస్తే ఆ క్షణానికి 100 వాట్లు కావాలి. సెన్సిటివిటీ తక్కువున్న (అదే పవర్‌కి తక్కువ మోగే) స్పీకర్లు, పెద్ద గది, డైనమిక్స్ బాగా ఉన్న రికార్డింగ్, ఈ మూడూ కలిస్తే 60 వాట్ల యాంప్, 150 వాట్ల యాంప్ వేరుగా వినిపించడంలో వింతేమీ లేదు.

అలసిపోగానే ఆపండి. 16 రౌండ్లూ ఏకబిగిన లాగాలని ఎక్కడా లేదు, మధ్యలో టీ తాగి రండి.

ఎన్ని కరెక్ట్ అయితే లెక్క

ఊరికే ఊహించినా 16కి 8 వస్తాయి. 11 వచ్చాయనుకోండి, గుడ్డిగా ఊహించేవాళ్లకి కూడా పది పరీక్షల్లో ఒకసారి అంత, లేదా అంతకుమించి వస్తుంది, కాబట్టి సంబరపడకండి. 12, ఆపైన వస్తే అదృష్టం వాటా 4 శాతానికి కాస్త కింద పడుతుంది, అప్పుడు తేడా వినిపించిందని ఒప్పుకోవచ్చు. 10 రౌండ్లే చేశారా, 9 కావాలి. 8, ఆపైన వచ్చే అవకాశం ఊహలోనే 5 శాతం దాటిపోతుంది. ఎన్ని రౌండ్లన్నది ముందే నిర్ణయించుకోవాలి. స్కోరు బాగున్న చోట ఆపేయడం, బాగోలేకపోతే "ఇంకో నాలుగు ఆడదాం" అనడం రెండూ మోసమే, మీకు మీరు చేసుకునేది.

తక్కువ వచ్చిందంటే రెండు యాంప్‌లూ ఒకటేనని రుజువైపోయినట్టు కాదు. ఈ స్పీకర్లతో, ఈ గదిలో, ఈ ముక్కలతో మీకు తేడా దొరకలేదు, అంతవరకే. పాట మార్చి ఇంకో రోజు మళ్లీ చేయొచ్చు, మొదటి రోజు స్కోరు కూడా కలిపే చూసుకోవాలి మరి.

స్టీరియో రివ్యూ పత్రిక 1987 జనవరి సంచికలో ఇలాంటి పరీక్షే పెద్ద ఎత్తున చేసి వేసింది, మామూలు రిసీవర్ దగ్గర్నుంచి వేల డాలర్ల ట్యూబ్ యాంప్ దాకా పెట్టి. వచ్చిన స్కోర్లు గుడ్డిగా ఊహిస్తే వచ్చేదానికి మించి పోలేదు. దాని మీద వాదనలు ఇప్పటికీ నడుస్తున్నాయి, పరీక్ష ఒత్తిడిలో చెవి సరిగా పనిచేయదని ఒక వర్గం గట్టిగా అంటుంది. ఆ మాట నిజమే అనుకుంటే ఒత్తిడి లేకుండా చేసుకోవచ్చు కదా, మీ ఇల్లు, మీ కుర్చీ, ఒక్కో రౌండ్‌కి రోజంతా తీసుకున్నా అడిగేవాళ్లు లేరు.

తేడా నిలబడితే కారణం వెతకండి

ఇదే నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. లెవెల్ కలిపి, పేరు దాచినా 16కి 14 వచ్చాయంటే ఏదో ఉంది, అది కొలతకి కూడా దొరుకుతుంది.

మొదట లెవెల్ మళ్లీ కొలవండి, రెండు ఛానెళ్లూ. నాబ్ కదిలి ఉండొచ్చు. అది సరిగానే ఉంటే స్పీకర్ టెర్మినళ్ల దగ్గర ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత మట్టంలో వస్తోందో చూపే గీత) చూడాలి, స్పీకర్ తగిలించి ఉండగా. రూమ్ ఈక్యూ విజార్డ్ అనే కొలత సాఫ్ట్‌వేర్ ఉచితం, ఆడియో ఇంటర్‌ఫేస్ ఇన్‌పుట్‌కి యాంప్ అవుట్‌పుట్‌ని నేరుగా ఇవ్వకుండా రెండు రెసిస్టర్లతో పదో వంతుకో ఇరవయ్యో వంతుకో తగ్గించి ఇచ్చి స్వీప్ (కింది స్వరం నుంచి పై స్వరం దాకా జారే టోన్) చేయండి. బ్రిడ్జ్ యాంప్ అయితే మాత్రం ఇంటర్‌ఫేస్ గ్రౌండ్‌ని దాని మైనస్‌కి తగిలించకూడదు.

గీత వంకర తిరిగి ఉంటే ఎక్కువసార్లు దోషి అవుట్‌పుట్ ఇంపెడెన్స్. స్పీకర్ ఇంపెడెన్స్ పేరుకి 8 ఓమ్‌లే గానీ ఒక చోట 4కి పడి, ఇంకో చోట 20కి లేస్తుంది. యాంప్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ 2 ఓమ్‌లుంటే, ట్యూబ్ యాంప్‌లలో ఇది మామూలే, 4 ఓమ్‌ల దగ్గర 3.5 డెసిబెళ్లు, 20 ఓమ్‌ల దగ్గర 0.8 డెసిబెల్ పోతుంది, అంటే స్పీకర్ ఇంపెడెన్స్ గీత ఆకారమే 2.7 డెసిబెళ్ల మేర సౌండ్ మీద అచ్చుపడుతుంది. అది ఎవరికైనా వినిపిస్తుంది, కొందరికి నచ్చుతుంది కూడా. అదే లెక్క 0.08 ఓమ్ ఉన్న ట్రాన్సిస్టర్ యాంప్‌కి వేస్తే 0.14 డెసిబెల్ వస్తుంది. క్లాస్ డి అయితే 5000 హెర్ట్జ్ పైన చూడండి, అవుట్‌పుట్ ఫిల్టర్ తర్వాత నుంచి ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌ని వెనక్కి తెచ్చి పోల్చి తప్పు సరిదిద్దుకోవడం) తీసుకోని డిజైన్లలో స్పీకర్‌ని బట్టి పైస్వరాలు లేస్తాయి లేదా పడతాయి, ఒకరి ఇంట్లో మెరిసిన యాంప్ ఇంకొకరి ఇంట్లో మందకొడిగా ఉండటానికి అదొక కారణం.

1985లో యాంప్‌లు తయారుచేసే బాబ్ కార్వర్ స్టీరియోఫైల్ పత్రిక వాళ్లకి సవాలు విసిరింది దీని మీదే. వాళ్లు ఎంచుకున్న ఖరీదైన యాంప్ అవుట్‌పుట్‌నీ తన ట్రాన్సిస్టర్ యాంప్ అవుట్‌పుట్‌నీ ఒకదాన్నుంచి ఒకటి తీసేస్తే ఏం మిగులుతుందో చూస్తూ, ఆ మిగులు అడుగంటేదాకా తన యాంప్‌ని సర్దుకుంటూ పోయాడు. ఆ తర్వాత సంపాదకులు రెండింటినీ విడదీసి చెప్పలేకపోయారు. తేడా ఉన్నప్పుడు వినిపించింది, దాన్ని చెరిపేస్తే పోయింది. ఇదే పని ఇప్పుడు రెండు యాంప్‌ల అవుట్‌పుట్ రికార్డ్ చేసుకుని, డెల్టావేవ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒకదాన్నుంచి ఒకటి తీసేసి చూసుకోవచ్చు. అవే రికార్డింగులని ఫూబార్ 2000 అనే మ్యూజిక్ ప్లేయర్‌లో ఏబీఎక్స్‌కి కూడా పెట్టుకోవచ్చు, సహాయకుడు దొరకని వాళ్లకి ఇదే గతి, కాకపోతే ఆ రికార్డింగ్ మళ్లీ ఇంకో యాంప్ మీదుగానే వినాలి.

తేడా దొరక్కపోతే

అప్పుడు ఎంపిక సులువైపోయింది, మిగతావి చూడండి. పాట లేకుండా వాల్యూమ్ పూర్తిగా తగ్గించి ట్వీటర్ దగ్గర చెవి పెట్టి ఏది నిశ్శబ్దంగా ఉందో వినండి, సెన్సిటివ్ స్పీకర్లుంటే ఇది రోజూ తెలిసే తేడా. ఆన్ చేసినప్పుడు, ఆపినప్పుడు స్పీకర్‌లో "ధబ్" మనకూడదు. పాట లేనప్పుడు అవుట్‌పుట్ మీద డీసీ ఎంతుందో అదే మీటర్‌తో చూడండి, 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే నిశ్చింత. గంట నడిచాక పైన చెయ్యి పెట్టి వేడి చూడండి, మీ అల్మరాలో గాలి ఆడుతుందా లేదా అన్నది ముందే ఆలోచించుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమంటోందా, షార్ట్ అయితే కాపాడే రక్షణ ఉందా, పాడైతే బాగుచేసేవాళ్లు ఉన్నారా అని చూడండి. ఇవన్నీ సమానమే అయితే గెయిన్ తక్కువున్నది తీసుకోండి, హిస్ తగ్గుతుంది, వాల్యూమ్ నాబ్ తిరగడానికి చోటూ దొరుకుతుంది.